బండి బీమా బండి దగ్గరే ఆగిపోతుంది

(తిరుపతిలో రోగుల రవాణా వాహనాల యజమానులు, డ్రైవర్ల సమావేశంలో ఒక విశ్రాంత బీమా సర్వేయర్ చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డు విని రాసింది.)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ డ్రైవర్లు, హెల్పర్లు దయచేసి ముందుకు రండి. రండి, ఫరవాలేదు. ఈ రోజు నేను చెప్పే మాటలు మీ యజమానులకు ఎంత అవసరమో మీకూ అంతే అవసరం.

నేను చాలా ఏళ్లు సర్వేయర్‌గా పని చేశాను. ప్రమాదం జరిగిన బండిని చూడడం, నష్టం లెక్క కట్టడం, కంపెనీకి నివేదిక రాయడం నా ఉద్యోగం. జీవితమంతా బండ్ల చుట్టూ తిరిగినవాణ్ణి. అయినా ఈ రోజు బండి గురించి తర్వాత మాట్లాడతాను. ముందు మంచం గురించి మాట్లాడతాను.

మీ పని ఎక్కడ మొదలవుతుంది? తాళం తిప్పి బండి స్టార్ట్ చేసినప్పుడా? కాదు కదా. పేషెంటు పడుకున్న మంచం దగ్గర మొదలవుతుంది. ఎక్కడ ముగుస్తుంది? ఆసుపత్రి గేటు దగ్గరా? కాదు. డయాలసిస్ మంచం మీద పడుకోబెట్టి, దిండు సర్ది, ఇంట్లోవాళ్లకు చెప్పి వచ్చినప్పుడు ముగుస్తుంది. మంచం నుంచి మంచం దాకా మీ పని. మరి మీ బండి బీమా? బండి దగ్గర మొదలై బండి దగ్గరే ఆగిపోతుంది. మధ్యలో మెట్లున్నాయి, వరండా ఉంది, ర్యాంపు ఉంది, లిఫ్టు ఉంది. అక్కడ మీకు ఏ బీమా ఉంది? ఒక్కసారి ఆలోచించండి.

ఒక సంగతి చెబుతాను. బైరాగిపట్టెడలో ఒక ఇరుకు సందు. రెండో అంతస్తులో ఒక పెద్దావిడ. వారానికి మూడుసార్లు డయాలసిస్. లిఫ్టు లేదు. మెట్ల మలుపు దగ్గర స్ట్రెచర్ తిరగదు. అందుకని డ్రైవరు, హెల్పరు ఆవిణ్ణి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి దించేవారు. కింద హెల్పరు, పైన డ్రైవరు. నెలల తరబడి అలాగే దించారు. ఆవిడకు వాళ్లిద్దరంటే ప్రాణం, కాఫీ ఇవ్వనిదే కదలనిచ్చేది కాదు. ఒక రోజు మలుపు దగ్గర కుర్చీ వెనక కాలు ఫట్‌మని విరిగింది. ఆవిడ నాలుగు మెట్లు జారి పడింది. తుంటి ఎముక విరిగింది.

యజమాని నాకు ఫోను చేశాడు. ‘సార్, బండికి ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది కదా, భయం లేదు కదా’ అన్నాడు. నేను వెళ్లి చూశాను. ఆ కుర్చీ ఇంకా మెట్ల కిందే పడి ఉంది, విరిగిన కాలు పక్కనే ఉంది. బండి ఎక్కడుంది? సందు చివర, తాళం వేసి ఉంది. ఇంజన్ కూడా వెయ్యలేదు. ఆ రాత్రి పాలసీ మూడుసార్లు చదివాను, ఏదైనా దారి దొరుకుతుందేమో అని. దొరకలేదు. మోటారు పాలసీ ‘వాహన వినియోగం వల్ల’ జరిగిన నష్టానికి. ఈ నష్టం కుర్చీ వల్ల, మెట్ల మీద జరిగింది. ఆ మాట అతనికి చెప్పాల్సి వచ్చింది. ఆపరేషను ఖర్చు కట్టడానికి చివరికి అతను ఆ బండినే అమ్ముకున్నాడు. ఇన్నేళ్లయినా ఆ కుర్చీ నా కళ్ల ముందు నుంచి పోలేదు.

ఇక్కడ న్యాయవాదులు ఎవరైనా ఉంటే చెయ్యి ఎత్తుతారు, నాకు తెలుసు. ‘వాహన వినియోగం’ అన్న మాటకు కోర్టులు చాలా విశాలమైన అర్థం ఇచ్చాయి, నిజమే. 1991లో శివాజీ దయానూ పాటిల్ కేసు ఉంది. మహారాష్ట్రలో పెట్రోలు ట్యాంకరు బోల్తా పడింది. నాలుగు గంటల తర్వాత పేలింది. అదీ వాహన వినియోగం వల్ల జరిగిందే అని సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి బండిలోకి ఎక్కిస్తుండగా స్ట్రెచర్ జారితే వాదించడానికి వీలుంది. కానీ రెండో అంతస్తు మెట్ల మీద? అక్కడ వాదన నిలవడం కష్టం. అసలు కోర్టులో వాదించుకోవడానికేనా మనం ప్రీమియం కట్టేది?

ఆ మెట్లకు వేరే పాలసీ ఉంది. పబ్లిక్ లయబిలిటీ పాలసీ అంటారు. మీ పని వల్ల బయటివారికి దెబ్బ తగిలినా, వారి ఆస్తి పాడైనా, చట్టప్రకారం మీరు ఇవ్వాల్సిన పరిహారాన్ని, కోర్టు ఖర్చులను అది భరిస్తుంది. కానీ ఇక్కడ ఒక జాగ్రత్త. దయచేసి రాసుకోండి. ఇదే పేరుతో ఇంకొకటి ఉంది. భోపాల్ దుర్ఘటన తర్వాత 1991లో పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం వచ్చింది. అది ప్రమాదకరమైన రసాయనాలు నిల్వ ఉంచే కర్మాగారాల కోసం. ఆ చట్టం కింద ఇచ్చే పాలసీ వేరు, మీకు కావలసింది వేరు. ఒకాయన ‘నాకు పబ్లిక్ లయబిలిటీ ఉంది సార్’ అని ధీమాగా కాగితం తెచ్చి చూపించాడు. చూస్తే చట్టం కింది పాలసీ. మెట్ల మీద పడ్డ పేషెంటుకు అది పైసా ఇవ్వదు. ఏజెంటుకూ తెలియదు, ఈయనకూ తెలియదు. అడగాల్సింది పరిశ్రమలు కాని సంస్థలకు ఇచ్చే పబ్లిక్ లయబిలిటీ పాలసీ. అందులో మీ పని ఏమిటో వివరంగా రాయించండి. ‘రవాణా’ అని ఒక్క ముక్క రాయించి ఊరుకోవద్దు. ‘రోగులను ఇంటి లోపలి నుంచి ఎత్తి, దించి, ఆసుపత్రి మంచం వరకు చేర్చడం’ అని రాయించండి. రెండు అంకెలు కనబడతాయి, ఒకటి ఒక ప్రమాదానికి పరిమితి, రెండోది సంవత్సరం మొత్తానికి పరిమితి. రెండూ చూడండి.

అమెరికాలో ఈ వ్యాపారం చాలా పెద్దది. అక్కడ పేదల కోసం మెడికెయిడ్ అనే ప్రభుత్వ ఆరోగ్య పథకం ఉంది, 1965లో మొదలైంది. అత్యవసరం కాకపోయినా ఆసుపత్రికి వెళ్లిరావడానికి రవాణా ఏర్పాటు చేయడం ఆ పథకం బాధ్యత. మధ్యలో ఉండే ఏజెన్సీలు బీమా ధ్రువపత్రం చూపించనిదే ఒక్క ట్రిప్పు ఇవ్వవు. నాకు నచ్చింది ఏమిటంటే, వాళ్లు సేవనే విడదీసి పేర్లు పెట్టుకున్నారు. రోడ్డు అంచు నుంచి రోడ్డు అంచు దాకా ఒకటి. గుమ్మం నుంచి గుమ్మం దాకా ఒకటి. గుమ్మం దాటి ఇంటి లోపలి దాకా ఒకటి. ఎంత లోపలికి వెళితే బాధ్యత అంత పెరుగుతుంది. మనం అన్నీ ‘పేషెంటును తీసుకెళ్లడం’ అనే ఒక్క మాటలో కలిపేశాం. మన పద్ధతిలో ఆప్యాయత ఉంది. ఆ ఆప్యాయతతోనే లోపలి మంచం దాకా వెళతాం. వెళ్లాలి కూడా. కానీ కాగితం మీద అది ఉండాలి.

ఇక బండి దగ్గరికి వద్దాం.

ప్రాణాపాయం వస్తే జనం 108కి ఫోను చేస్తారు. మన రాష్ట్రంలో అది 2005 ఆగస్టు 15న మొదలైంది. మరి వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లేవారు? కీమోకు వెళ్లేవారు? బర్డ్ ఎముకల ఆసుపత్రిలో ఆపరేషను చేయించుకుని కాలికి కట్టుతో ఇంటికి వెళ్లేవారు? పక్షవాతం వచ్చి, రుయాలోనో స్విమ్స్‌లోనో డిశ్చార్జి అయి పీలేరు దాకా పడుకుని వెళ్లాల్సినవారు? వేలూరు సీఎంసీకి చూపించుకోవడానికి వెళ్లేవారు? వీళ్లందరికీ మీరే దిక్కు. సైరను మోగదు, కానీ ఈ పని ఆగితే ఎన్నో ఇళ్లలో వైద్యం ఆగిపోతుంది. ఆ మాట మనసారా అంటున్నాను.

అంబులెన్సుల కోసం మన దేశంలో ఏఐఎస్-125 అనే ప్రమాణం ఉంది. అందులో ఏ, బీ, సీ, డీ అని నాలుగు రకాలు. అత్యవసర స్థితి వస్తుందని అనుకోని రోగులను చేర్చే బండి బీ రకం. మీలో ఎక్కువ మందిది అదే. బీమా కంపెనీల లెక్కలో అంబులెన్సు మిసిలేనియస్ క్లాస్-డీ అనే ప్రత్యేక వాహనాల తరగతిలోకి వస్తుంది. కాబట్టి ఇంటికి వెళ్లి రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకోండి. ఆర్‌సీలో ఏమని ఉంది? పాలసీలో ఏమని ఉంది? రెండూ ఒకే మాట చెబుతున్నాయా?

ఎందుకు అడుగుతున్నానంటే, భాకరాపేట ఘాట్‌లో ఒక బండిని చూశాను. సొంత కారుగా రిజిస్టరైన వ్యాను. వెనక సీట్లు పీకేశారు, స్ట్రెచర్‌ను బోల్టులతో బిగించారు, అద్దం మీద ఎర్ర అక్షరాల స్టిక్కరు. డిశ్చార్జి అయిన పేషెంటును మదనపల్లె వైపు తీసుకెళుతూ మలుపు దగ్గర గోడకు గుద్దుకుంది. డ్యాష్‌బోర్డు అరలో బండి కాగితాల కోసం వెతికితే ఒక చిన్న నోటుపుస్తకం దొరికింది. తేదీ, ఎక్కడి నుంచి, ఎక్కడికి, బాడుగ ఎంత, డీజిలు ఎంత, అన్నీ గుండ్రటి అక్షరాలతో రాసి ఉన్నాయి. చివరి వరుసలో ఆ రోజు తేదీ ఉంది. బాడుగ గడి ఖాళీగా ఉంది, ఇంకా డబ్బు ముట్టలేదు. ఆ డ్రైవరు పద్ధతి కలవాడు. కానీ సొంత కారు పాలసీలో ‘బాడుగకు తిప్పరాదు’ అని ఉంటుంది. ఆ పుస్తకమే సాక్ష్యమైంది.

అప్పుడు ఏమవుతుంది? బండి నష్టం ఇవ్వం అని కంపెనీ అంటుంది. 2010లో అమలేందు సాహు కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి సందర్భంలో క్లెయిమును మొత్తంగా కొట్టిపారేయకూడదని, కోత పెట్టి అయినా కొంత ఇవ్వాలని చెప్పింది. ఆ కొంత కోసం ఎన్నేళ్లు తిరగాలి? గాయపడినవారి విషయంలో కోర్టులు చాలాసార్లు ‘ముందు కంపెనీ చెల్లించాలి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు’ అంటాయి. వినడానికి బాగుంది. కానీ వసూలు ఎవరి దగ్గర? మీ దగ్గరే. పైగా అనుమతి లేకుండా సీట్లు పీకి బండి రూపం మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద తప్పు. కొందరు అడిగారు, ‘అయితే నోటుపుస్తకం రాయకుండా ఉండాలా’ అని. వద్దు. పుస్తకం రాయండి, ఇంకా వివరంగా రాయండి. మార్చాల్సింది పుస్తకాన్ని కాదు, రిజిస్ట్రేషన్‌ను, పాలసీని. అంబులెన్సుగా రిజిస్టరై, ఆ పనికే వాడే బండికి 66వ సెక్షన్ ప్రకారం పర్మిట్టు కూడా అక్కరలేదు. చిత్తూరు దాటి వేలూరు వెళ్లేవారికి ఇది ఎంత సౌకర్యమో చెప్పనక్కరలేదు. అయితే ఒకటి, పరిహారం కోరేవారు తాము నివసించే చోట కూడా కేసు వేయవచ్చు. మీ బండి తిరుపతిదైనా వాయిదాలకు వేలూరు వెళ్లాల్సి రావచ్చు.

పాలసీలో సీట్ల సంఖ్య చూడండి. పేషెంటుతో పాటు ఎంతమంది ఎక్కుతారు? భార్య, కొడుకు, మరదలు, పక్కింటాయన. కాదనలేం, బాధలో ఉన్నవారు. కానీ 2007లో అంజనా శ్యాం కేసులో సుప్రీంకోర్టు ఏమంది? ఎంతమందికి బీమా చేశారో అంతమందికే కంపెనీ బాధ్యత అంది. మిగతావారి పరిహారం యజమాని మీద పడుతుంది. స్ట్రెచర్ మీది పేషెంటును, వెంట వచ్చేవారిని పాలసీలో ఎలా లెక్కించారో కంపెనీని రాతపూర్వకంగా అడగండి. ‘ఏజెంటు ఫోనులో చెప్పాడు’ అంటే ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో పనికిరాదు.

ఇప్పుడు డ్రైవర్లు, హెల్పర్లు. మిమ్మల్ని ముందుకు పిలిచింది ఇందుకే.

యజమానే బండి నడిపితే ఆయనకు 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉండాలి, అది తప్పనిసరి. జీతానికి నడిపే డ్రైవరు సంగతి? డ్రైవరుకు ఉద్యోగుల పరిహారం కింద రావలసింది పాలసీలో చేరి ఉందో లేదో చూసుకోండి. ఎంత వస్తుంది? మరణిస్తే నెల జీతంలో సగాన్ని వయసును బట్టి చట్టంలో ఇచ్చిన అంకెతో గుణిస్తారు. 30 ఏళ్లవాడికి ఆ అంకె 207.98. జీతం 12,000 అనుకోండి. సగం 6,000. గుణిస్తే 12,47,880 రూపాయలు. ఇది ఒక కుటుంబానికి నిలబడే ఆధారం. మరి హెల్పరు? వెనక పేషెంటు చెయ్యి పట్టుకుని కూర్చునే కుర్రవాడు?  రోగి పక్కన కూర్చునే హెల్పరు మాట చట్టంలో విడిగా లేదు. అతని కోసం కొద్దిపాటి అదనపు ప్రీమియం కట్టి పాలసీలో చేర్పించాలి. ఏడాదికి ఆ అదనం ఎంతో అడిగి చూడండి, ఇంత తక్కువకా అని ఆశ్చర్యపోతారు. నేను చూసిన పాలసీల్లో చాలావాటిలో అది లేదు. డబ్బు లేక కాదు. అతను గుర్తుకు రాక. యజమానులూ, దయచేసి రేపే చేర్పించండి. హెల్పర్లూ, మీరు అడగండి. అడగడానికి మొహమాట పడవద్దు.

లైసెన్సు గురించి ఒక మంచి వార్త. ‘నీది లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు, నువ్వు నడిపింది ట్రాన్స్‌పోర్టు బండి’ అని ఎన్నో క్లెయిములు ఆపేవారు. 2017లో ముకుంద్ దేవాంగన్ కేసులో ఈ అభ్యంతరం చెల్లదని తీర్పు వచ్చింది. దాని మీద మళ్లీ సందేహం లేవనెత్తితే 2024 నవంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం అదే ఖాయం చేసింది. మొత్తం బరువు 7,500 కిలోలు మించని బండికి ఆ లైసెన్సు చాలు. మీ వ్యాన్లన్నీ ఆ లోపలివే. కానీ గడువు చూసుకోండి. గడువు దాటిన లైసెన్సును ఏ తీర్పూ కాపాడదు. బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు, అదే ఎఫ్‌సీ, కూడా అంతే.

ఆక్సిజన్ సంగతి. హెల్పరు ఆక్సిజన్ పెడతాడు, తగ్గిస్తాడు, పెంచుతాడు. సిలిండరు దారిలో అయిపోయింది, పేషెంటుకు హాని జరిగింది అనుకోండి. బండి ఎవరినీ గుద్దలేదు. ఎవరూ పడలేదు. మోటారు పాలసీ రాదు, లయబిలిటీ పాలసీ ‘ఇది వైద్యసేవలో లోపం’ అని తప్పుకోవచ్చు. దానికి ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ అని మరొకటి కావాలి. వైద్యసేవలు వినియోగదారుల చట్టం కిందికి వస్తాయని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఫిర్యాదు చేయడానికి రెండేళ్ల గడువు ఉంది. ఇక్కడ కొంచెం శ్రద్ధగా వినండి. ఈ రకం పాలసీ సాధారణంగా సంఘటన జరిగిన రోజును మాత్రమే చూడదు. దావా వచ్చిన రోజున కూడా పాలసీ నడుస్తూ ఉండాలి. ఈ ఏడు కట్టారు, వచ్చే ఏడు ‘ఏమీ కాలేదు కదా’ అని ఆపేశారు. ఆ తర్వాత నోటీసు వచ్చింది. అప్పుడు మీరు కట్టిన ప్రీమియం మీకు ఉపయోగపడదు. మొదలుపెడితే ఆపకుండా కట్టాలి. స్ట్రెచర్, సక్షన్ మెషిను, మానిటరు లాంటివి కూడా విలువతో సహా విడిగా రాయించకపోతే బండి విలువలో కలవవు.

ఆసుపత్రులతో ఒప్పందాలు రాసుకునేవారు ఉన్నారు కదా? చివరి పేజీలో ఒక వాక్యం ఉంటుంది. ‘ఏ నష్టం జరిగినా పూర్తి బాధ్యత వాహన యజమానిదే.’ సంతకం పెట్టేస్తారు. నర్సు తప్పు చేసినా మీదే, లిఫ్టు ఆగిపోయినా మీదే. ఇలా ఒప్పందం వల్ల నెత్తిన వేసుకున్న బాధ్యతను లయబిలిటీ పాలసీలు సాధారణంగా మినహాయిస్తాయి. అంటే అది నేరుగా మీ జేబులోంచి పోతుంది. ‘మా సిబ్బంది తప్పు వల్ల జరిగిన నష్టానికి’ అని మార్పించుకోండి. మార్చకపోతే నాలుగుసార్లు అడగండి. రద్దీ రోజున మీ ట్రిప్పుకు స్నేహితుడి బండి పంపుతారు చూడండి, అప్పుడు కూడా పేషెంటు కుటుంబం డబ్బిచ్చింది మీకు. నోటీసు మీకే వస్తుంది. పంపే ముందు ఆ బండి పాలసీ ఫోటో తెప్పించుకోండి.

చెక్కు ఇచ్చి పాలసీ తీసుకునేవారు ఖాతాలో డబ్బు చూసుకోండి. ప్రీమియం కంపెనీకి అందనిదే బాధ్యత మొదలుకాదని 1938 నాటి బీమా చట్టం 64వీబీ సెక్షన్ చెబుతుంది. పాలసీ గడువు తీరి 90 రోజులు దాటితే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, కూడా పోతుంది. ప్రమాదం జరిగితే వెంటనే కంపెనీకి తెలియజేయండి. ఆలస్యమైనా వెనకాడవద్దు, న్యాయమైన క్లెయిమును ఆలస్యం ఒక్కటే కారణంగా తోసిపుచ్చవద్దని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2011లోనే కంపెనీలకు చెప్పింది. అన్యాయంగా తిరస్కరిస్తే, ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. అక్కడ పని జరగకపోతే హైదరాబాదులో పాలసీదారుల ఫిర్యాదులు విని తేల్చే బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఒక్కరి పేరున నడిచే వ్యాపారాలు, సూక్ష్మ సంస్థలు కూడా వెళ్లవచ్చు. 50 లక్షల వరకు ఇప్పించే అధికారం ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. కంపెనీ తిరస్కరించిన ఏడాది లోపల వెళ్లాలి.

ఇంకా ఉపన్యాసం చెబితే భోజనాల వేళ దాటిపోతుంది. పాలసీ కాగితాలు తెమ్మని ముందే కబురు పంపాను. ఎంతమంది తెచ్చారు? సరే, ఫోనులో ఉన్నా ఫరవాలేదు. ఈ బల్ల దగ్గర కూర్చుంటాను, ఒక్కొక్కరే రండి. ముందుగా హెల్పరు పేరు చూద్దాం, తర్వాత సీట్లు, ఆ తర్వాత మెట్ల సంగతి. ఆ మూలనున్న తమ్ముడూ, నువ్వు రా, నీతోనే మొదలుపెడదాం.